తల తడపొద్దన్న మాట

మా తెనాలి నుంచి చెన్నై వైపు వెళ్ళొచ్చినవాళ్ళు పట్టుచీరలు చూపిస్తారు. నేను ఒక సర్టిఫికెట్టు, భుజానికి తగిలించుకునే గుడ్డసంచి, మూత సరిగా పడక సగం కారిపోయిన పంచామృతం డబ్బా చూపించాను. మా ఆయన వాటి వంక చూసి, "నాలుగు రోజులకి ఇదా సంపాదన?" అన్నారు. ఇంకొకటి కూడా ఉంది. అది చూపించేది కాదు, చెప్పేది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

కంటి డాక్టర్లకి చదువు అయిపోవడం అంటూ ఉండదు. డిగ్రీ పుచ్చుకుని పాతికేళ్ళు దాటినా, కొత్త సంగతులు నేర్చుకుంటూనే ఉన్నామని వైద్య మండలికి చూపించుకోవాలి. అందుకు సదస్సులకు వెళ్ళి, బుద్ధిగా కూర్చుని, పాయింట్లు తెచ్చుకుంటాం. నల్లగుడ్డు మీద గడియారం అద్దంలా ఒక పొర ఉంటుంది. దాన్ని కార్నియా అంటాం. ఈసారి ఆ కార్నియా జబ్బుల మీద రెండు రోజుల సదస్సు తిరువళ్ళూరులో పెట్టారు. విజయవాడలో ఇంతకంటే పెద్దవి జరుగుతాయి, ఇంటి అన్నం తిని వెళ్ళి రావచ్చు. అయినా ఆహ్వానం కార్డులో ఊరి పేరు చూడగానే వస్తున్నానని రాసేశాను. తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి ఎంతో దూరం కాదు. చదువవగానే నా మొదటి ఉద్యోగం తిరుత్తణిలోనే, ఒక చిన్న ధర్మాసుపత్రిలో. రెండేళ్ళున్నాను. వదిలి వచ్చాక మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

పొన్నేరి లోపల నాలుగు జతల కళ్ళు

రైల్లో కంటి డాక్టర్నని ఒప్పుకోవడం తెలివైనవాళ్ళు చేసే పని కాదు. నెల్లూరులో ఎక్కిన ఒక పెద్దాయన నన్ను మాటల్లో పెట్టి సంగతి రాబట్టాడు. ఆ మరుక్షణం రెండు వేళ్ళతో కన్ను తెరిచి పట్టుకుని నా ముందుకు వంగాడు. ఆయన తర్వాత ఆయన భార్య. వాళ్ళని చూసి అవతలి సీట్లవాళ్ళు. పొన్నేరి వచ్చేలోపల నాలుగు జతల కళ్ళు చూశాను. ఫీజు కింద రెండు అరటిపళ్ళు, ఒక మురుకుల పొట్లం ముట్టాయి.

పొన్నేరి పొలాల్లో వరి కోతకొచ్చి ఉంది. అందరూ కిటికీలోంచి చూసి మురిసిపోతుంటే నాకు వరి ఆకు గీసుకుని ఎర్రబడ్డ కళ్ళు గుర్తొచ్చాయి. గీసుకున్న చోట బూజు చేరితే నల్లగుడ్డు మీద పుండవుతుంది. వాపు తగ్గడానికి వేసే స్టెరాయిడ్ చుక్కలు కొన్ని రకాల మచ్చలకి మందే, బూజు పుండుకి మాత్రం విషం. పైకి రెండూ ఒకలాగే కనబడి డాక్టర్లని బోల్తా కొట్టిస్తాయి. ముందు ముందు పనికొస్తుందని ఈ ముక్క ఇక్కడే చెప్పిపెడుతున్నాను.

మింజూరు దాటగానే హడావిడిగా సామాను సర్దుకున్నాను. చెన్నైలో దిగి చూసుకుంటే చదువుకునే కళ్ళద్దాలు లేవు. అందరి కళ్ళూ చూసి, నావి సీటు మీద వదిలేసి వచ్చాను.

ఆవడిలో చేపల పులుసు

తిరువళ్ళూరు వెళ్ళే లోకల్ రైలెక్కి దారిలో ఆవడిలో దిగాను. రోజమ్మ సిస్టర్ కోసం. తిరుత్తణి ఆసుపత్రిలో ఆమె నర్సు. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. ఆమె భర్త ఇక్కడి ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. గుమ్మంలో నన్ను చూసి చేతిలో చాట పట్టుకునే కావలించుకుంది. బియ్యం నా చీర నిండా పడ్డాయి.

"ఏం డాక్టరమ్మా, ఇంత సన్నంగా ఉంటిరి, ఇట్లా అయిపోయినారు!" అంది.

"నువ్వూ ఏం తగ్గలేదులే సిస్టర్" అన్నాను.

మా వైపు చేపల పులుసులో ఉల్లిపాయ ముద్దగా ఉంటుంది. ఇక్కడ చిన్న ఉల్లిపాయలు ఒలిచి వాటినలాగే వేస్తారు, కొబ్బరి రుబ్బి పోస్తారు. తిరుత్తణిలో మొదటి నెల ఈ పులుసు తినలేక ఏడ్చాను. రెండేళ్ళ తర్వాత తెనాలి వెళ్ళి, మా అమ్మ చేసిన పులుసులో కొబ్బరి ఏదని అడిగి తిట్లు తిన్నాను. రోజమ్మ వడ్డిస్తుంటే ఆ రోజులన్నీ ఒక్కసారిగా వచ్చి పక్కన కూర్చున్నాయి. పెంకుటింటి ఆసుపత్రి, రోగులు చూసే గది కిటికీలోంచి కనిపించే కొండ, నేను అద్దెకున్న గది వెనక తెల్లవారక ముందే మొదలయ్యే మగ్గం చప్పుడు. చేతిలో డిగ్రీ, కడుపు నిండా గర్వం. నాకు తెలియని జబ్బు లేదనుకున్న వయసు అది. అంత హాయి మళ్ళీ దొరకలేదు.

పులుసు అయ్యాక అసలు మాట అడిగాను. "దేశమ్మ ఎక్కడుందో తెలుసా సిస్టర్?"

రోజమ్మ గరిటె ఆపింది. "యాడికి పోతాది? ఆ ఊర్లోనే ఉండాది. మా చెల్లెలు కోడలిది ఆ పక్క ఊరే కదా. ఇంగా ఆయమ్మనే తలుచుకుంటా ఉండారా?"

తలుచుకోకుండా ఎలా ఉంటాను? దేశమ్మ తిరుత్తణికి అవతల ఒక నేత ఊరి కోడలు. అప్పటికి ఇరవై నాలుగేళ్ళుంటాయి. ఆడి నెలలో, అంటే మన ఆషాఢం శ్రావణం రోజుల్లో, ఎర్రకన్నుతో వచ్చింది. కొండ మీద కుమారస్వామికి ఆడికృత్తిక తిరునాళ్ళు జరిగే నెల అది. నల్లగుడ్డు మీద ఆవగింజంత బూడిదరంగు మచ్చ. వెంట వాళ్ళ అత్త. అత్తకి చెవుడు, నా పెదవుల వంకే చూస్తూ నిలబడింది. "కంట్లో ఏమైనా పడిందా? ఆకు గీసుకుందా? పొట్టు? మట్టి?" అని దేశమ్మని అడిగాను. ఏమీ పడలేదంది. ఆ మచ్చని కాస్త గీకి, గాజుపలక మీద పెట్టి, మైక్రోస్కోపు కింద చూస్తే బూజు ఉందో లేదో తెలుస్తుంది. పది నిమిషాల పని. మైక్రోస్కోపు గది మూల తువ్వాలు కప్పుకుని కూర్చుంది. వరండా నిండా జనం. ఏమీ పడలేదంటోంది కదా, బూజు ఎక్కడిదిలే అనుకుని గీకలేదు. వాపు తగ్గడానికి స్టెరాయిడ్ చుక్కలు రాశాను. అత్తకి వినబడాలని ఆసుపత్రంతా అదిరేలా అరిచి జాగ్రత్తలు చెప్పాను: "తల తడపొద్దు! కొండకి పోవద్దు! జనంలో తిరగొద్దు!"

రెండు మూడు రోజులు ఎరుపు తగ్గి బాగుందట. అది ఆ చుక్కల మాయ. ఆ మాటున లోపల బూజు మేస్తూ పోయింది. పదిహేను రోజులకి వచ్చేసరికి కంట్లో చీము. చెన్నై పంపించాం, కన్ను నిలవలేదు. దేశమ్మ మళ్ళీ మా ఆసుపత్రికి రాలేదు. నేనూ వెళ్ళి చూడలేదు.

"మీరు అడిగినారు కదా డాక్టరమ్మా, ఏమైనా పడిందా అని. నేను పక్కనే ఉంటిని. ఏమీ పళ్ళేదనె ఆయమ్మ. మీ తప్పేముంది?" అంది రోజమ్మ.

అవును, అడిగాను. పాతికేళ్ళుగా ఆ ఒక్క మాటే తలగడ కింద పెట్టుకుని నిద్రపోతున్నాను.

వైద్యుడైన దేవుడి ఊళ్ళో

తిరువళ్ళూరు వీరరాఘవస్వామికి వైద్యుడని పేరు. సదస్సు మొదలయ్యేలోపు పెద్ద డాక్టరు దర్శనం చేసుకుందామని వెళ్ళాను. గుడి ముందు అంగళ్ళలో రేకుతో చేసిన చేతులు, కాళ్ళు, కళ్ళు అమ్ముతారు. ఏ అవయవం బాగుపడితే దాన్ని దేవుడికి ఇచ్చుకుంటారు. కళ్ళని కణ్మలర్ అంటారు, జత అరవై రూపాయలు. ఎందుకో గాని, "ఒకటి ఇస్తారా?" అని అడిగాను. అంగడామె నా వంక వింతగా చూసింది. నా యాస విని తెలుగులోకి మారింది.

"ఒక కన్ను అమ్మం అక్కా. సామికి ఇచ్చేది రెండూ ఇయ్యాల."

నేనేమీ కొనలేదు. కానీ ఆ వీధిలోనే పేవ్‌మెంట్ మీద నూట ఇరవై పెట్టి కళ్ళద్దాలు కొన్నాను. రోడ్డు మీద కళ్ళద్దాలు కొనకండని రోగుల్ని కసిరే మనిషిని. అవి పెట్టుకుంటే నా చెయ్యి కాస్త వంకరగా కనబడింది. కసిరినందుకు తగిన శాస్తే.

టిఫిను మాత్రం దివ్యంగా ఉంది. మా వైపు ఇడ్లీకి చట్నీ ఎంతిస్తారో ఇక్కడ సాంబారు అంత. అడక్కుండానే పోస్తారు, ఇడ్లీ ఈత కొట్టేదాకా. కాఫీ ఇత్తడి గ్లాసులో, కింద డబరాతో వచ్చింది. పొగ ముఖానికి తగిలితే ఇరవై ఎనిమిదేళ్ళ పిల్లనైపోయాను.

సదస్సులు ఎక్కడైనా ఒకటే. ముందు వరస ఖాళీ, వెనక వరస నిండుగా, భోజనాల తర్వాత దీపాలార్పి బొమ్మలు చూపిస్తే సగం మంది కళ్ళు మూతలు. అంతమంది కంటి డాక్టర్లు కళ్ళు మూసుకున్న చోటు ఇంకొకటి ఉండదు. మొదటి రోజు కార్నియా అతికే ఆపరేషన్ల మీద, కొత్త మందుల మీద చెప్పారు. రాసుకున్నాను.

రెండో రోజు భోజనాల ముందు మా అమ్మాయి వయసు డాక్టరు ఒకామె లేచింది. ఈ జిల్లాలోనే నేత ఊళ్ళ మధ్య పనిచేస్తోందట. ముందు ఒక ప్రశ్న వేసింది. "మీలో బూజు పుండుకి పొరపాటున స్టెరాయిడ్ వేసినవాళ్ళు చెయ్యెత్తండి." ఒక్క చెయ్యీ లేవలేదు. నాది ఒళ్ళోనే ఉంది.

ఆ పిల్ల నవ్వి తెర మీద ఒక ఫోటో వేసింది. వీధి పొడుగునా సాగదీసిన, మగ్గానికెక్కించే నూలు పడుగు, దాని మీద బియ్యపు గంజి పట్టించే మనుషులు, చేతుల్లో పెద్ద కుంచెలు. తిరుత్తణిలో నా కిటికీ కింద ఇదే దృశ్యం. ఎన్ని పొద్దులు టీ తాగుతూ చూశానో! "ఈ గంజి ఒక్కోసారి ముందు రోజుదై ఉంటుంది. పులిసి బూజు పడుతుంది. కుంచె విదిలిస్తే కంట్లోకి చిందుతుంది" అంది. "అందుకే నేతవాళ్ళని కంట్లో ఏమైనా పడిందా అని అడగకండి. లేదనే చెబుతారు. వాళ్ళు అబద్ధం ఆడరు. రోజూ ముఖం మీద పడే గంజిని కంట్లో పడిన వస్తువుగా లెక్కపెట్టరు, అంతే. పడుగుకి గంజి పెట్టి ఎన్నాళ్ళయింది అని అడగండి. అన్నిటికంటే ముందు, గీకి చూడండి."

తర్వాత ఇంకెవరో మాట్లాడారు. నాకు వినబడలేదు. పాతికేళ్ళు నేను తలగడ కింద దాచుకున్న మాట ఆ పిల్ల లాగేసుకుంది. నేను అడిగిన ప్రశ్న నా తెనాలి ప్రశ్న. వరి పొలాల మధ్య పెరిగిన మనిషి అడిగే ప్రశ్న. కిటికీ కింద రోజూ గంజి కుంచెలు చూస్తూ కూడా వాటి గురించి అడగాలని తోచలేదు. మధ్యాహ్నం సర్టిఫికెట్టు ఇచ్చారు, ఫోటో తీశారు. రేపు దేశమ్మ దగ్గరికి వెళ్ళి, చుక్కల సంగతి నా నోటితో చెప్పాలని అప్పుడే నిశ్చయించుకున్నాను. చెప్పగలనో లేదో నాకే నమ్మకం లేదు.

తిరుత్తణి

స్టేషన్లో దిగగానే కొండ కనబడింది. గుండ్లకు చందనం పూసుకున్న కుటుంబాలు పసుపు బట్టల్లో మెట్ల వైపు పోతున్నాయి. మా వైపు గుండు చేయించుకున్న ఆడవాళ్ళు కొన్నాళ్ళు కొంగు కప్పుకుని తిరుగుతారు. ఇక్కడ ఆ మొహమాటం లేదు, గుండు మీదే మూరెడు మల్లెపూలు పెట్టుకునే మార్గం ఆలోచిస్తారు. జుట్టు అడిగేవాడు కుమారస్వామి అయితే సిగ్గెందుకని అప్పట్లో నాకు గది అద్దెకిచ్చిన ఇంటామె అనేది.

నేను ఎక్కలేదు. మంగళవారాలు ఆ మెట్లన్నీ ఆగకుండా ఎక్కిన మోకాళ్ళు ఇవేనా అని వాటినే అడిగాను. కింద పంచామృతం కొని, మా ఆసుపత్రి వెతుక్కుంటూ వెళ్ళాను. అక్కడ సెల్‌ఫోన్ల అంగడి ఉంది. రోగుల్ని చూసిన కిటికీ చోట గాజు తలుపు. లోపల పిల్ల, "ఏం కావాలి అమ్మా?" అని అరవంలో అడిగింది. ఏం చెప్పను? చార్జర్ ధర అడిగి బయటికొచ్చేశాను. కళ్ళు తడిశాయి. ఎండ అనుకున్నాను గాని, ఎండ కాదు.

గంజి వాసన లేని వీధి

దేశమ్మ ఊరికి తీసుకెళ్ళిన ఆటో అతను దారి పొడుగునా తెలుగే మాట్లాడాడు. ఊరి బోర్డు మాత్రం నేను తెలుగులో ఉంటుందేమోనని వెతికితే, "మాకు అరవంలో ఉంటేనే చదవను వస్తాదిలే అక్కా" అన్నాడు. ఊళ్ళో ఇప్పుడు పవర్‌లూములు. వీధిలో పడుగులు లేవు, ఆ పుల్లటి గంజి వాసన లేదు. తలుపుల వెనక యంత్రాల మోత.

దేశమ్మ అరుగు మీద కూర్చుని మునగాకు దూస్తోంది. యాభై దగ్గరపడ్డ మనిషి. కుడికన్ను లోపలికి పోయి రెప్ప వాలిపోయి ఉంది. నేను "దేశమ్మా" అన్నాను. ఆమె తల ఎత్తకుండానే చేతులు ఆపింది.

"ఈ గొంతు... డాక్టరమ్మా?"

గబగబా లేచి కొంగు కుడివైపు ముఖం మీదికి లాక్కుంది. లోపలికి తీసుకెళ్ళి కుర్చీ వేసింది. కోడలు మజ్జిగ తెచ్చింది. గోడ మీద ఆమె అత్త ఫోటో ఉంది, పూలదండతో. నేను నోరు తెరిచేలోపల దేశమ్మ నా కాళ్ళ దగ్గర కూర్చుంది.

"తప్పు నాది డాక్టరమ్మా. నీ మాట ఇనకపోతిని. అంత గట్టిగా అరిసి చెప్తివి, తల తడపొద్దు, కొండకి పోవద్దని. నేను ఆడికృత్తికకి పుట్టింటోళ్ళతో పోయినాను. పూలకావడి మొక్కుండె. కన్ను బాగవుతాదని తలకు పోసుకుంటిని. కన్ను పాయ. ఏ మొగం పెట్టుకోని నీ కాడికి వచ్చేది? దానికే రాలా."

ఆమె ఫోటో వైపు చూపించింది.

"మా అత్త ఉన్నన్ని దినాలు అదే మాట. డాక్టరమ్మ గొంతు చించుకోని చెప్పె, ఇనింటివా అని. పొయ్యి కాడ, మగ్గం కాడ, సుట్టాల ముందర. నా కొడుకు పెండ్లిలో కూడా అనె. ఏమనేది? నిజమే కదా."

చాలా సులువైన పని ఒకటి నా ముందుంది. పోనీలే దేశమ్మా, జరిగిందేదో జరిగింది అంటే చాలు. ఆమె సంతోషిస్తుంది, నేను మజ్జిగ తాగి లేచి వచ్చేయొచ్చు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"దేశమ్మా, కన్ను ఎర్రబడక ముందు పడుగుకి గంజి పెట్టారా?" అని అడిగాను.

"పావుకి గంజి పెట్టకుండా ఎట్లా? పండగ ముందర కదా. నేనే కుంచె పడితిని." పడుగుని వాళ్ళు పావు అంటారు.

"కంట్లోకి చిందిందా?"

ఆమె నవ్వింది. "సిందకుండా యాడన్నా ఉంటాదా? మొగమంతా గంజే."

"మరి ఏమైనా పడిందా అంటే లేదన్నావే?"

"గంజి పడేదేంది డాక్టరమ్మా, అది మా కూడు కదా!"

మజ్జిగ గ్లాసు కింద పెట్టాను. "తల తడిపినందుకు నీ కన్ను పోలేదు దేశమ్మా. ఆ గంజిలో బూజు ఉండుంటుంది. నేను గీకి చూడాల్సింది, చూడలేదు. నేను రాసిచ్చిన చుక్కలు ఆ జబ్బుకి వెయ్యకూడనివి. వాటి వల్లే అంత పాడైంది. తప్పు నాది, నీది కాదు."

"అవి వెయ్యకుండా ఉంటే కన్ను నిలిచుండునా?"

"కచ్చితంగా చెప్పలేను. నిలిచే వీలు ఎక్కువ ఉండేది."

తలుపు దగ్గర కోడలు కదలకుండా నిలబడింది. దేశమ్మ ముఖం మీది కొంగు జారిపోయింది, సర్దుకోలేదు. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆమె ఫోటో వైపు తిరిగింది.

"పోయిన మాసి నెలలో పాయ మా అత్త" అంది. "ఒక్క ఏడాది ముందర వచ్చుంటే..."

 

ఆమె లేచి నా చెయ్యి పట్టుకుంది. మోటు చెయ్యి, గట్టి పట్టు. నన్ను ఫోటో ముందుకి తీసుకెళ్ళి నిలబెట్టింది. "ఇప్పుడు నాకు చెప్పిందంతా ఈడ చెప్పు."

పేవ్‌మెంట్ కళ్ళద్దాలు తీసి పెట్టుకున్నాను. ఫోటోలోంచి ముసలామె ఆనాటి లాగే నా పెదవుల వంక చూస్తోంది. చెప్పడం మొదలుపెట్టాను. తలుపు దగ్గరి కోడలికి కూడా వినబడనంత మెల్లగా. దేశమ్మ నా భుజం తట్టింది.

"మా అత్తకి చెవుడు డాక్టరమ్మా. ఆ దినం చెప్పినట్టు గట్టిగా చెప్పు."

వీధిలో యంత్రాల మోత మీదుగా, నాలుగిళ్ళ అవతలికి వినబడేలా చెప్పాను.